జోడ్‌భావి పేట్ పిల్లల ఆటలూ వేడుకలూ

మహారాష్ట్రలోని సోలాపూర్ నగరంలో తూర్పు వైపున తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ పేటల్లో జోడ్‌భావి పేట్ ఒకటి. ఈ పేటలోనూ దీని చుట్టుపక్కల వాడల్లోనూ పదేళ్ళ లోపు పిల్లలు నలుగురు కూడితే ఆడుకునే ఆటలు, వాళ్ళ పేరు మీద ఇంట్లోనో గల్లీలోనో జరిగే వేడుకలు ఈ వ్యాసానికి విషయం. ఇక్కడి ఆటల్లో మూడు పాయలు కలిశాయి. పెద్దలు తెలంగాణ ఊళ్ళ నుంచి వెంట తెచ్చుకున్నవి కొన్ని. మరాఠీ బడిలో, పొరుగింట్లో నేర్చినవి కొన్ని. ఆనుకునే ఉన్న కన్నడ సీమ నుంచి వచ్చినవి మరికొన్ని. వీటి మీద ఈ మధ్య తరాల్లో పుట్టినరోజు పార్టీ ఆటలు వచ్చి చేరాయి.

పెద్దల కళ్ళకు పిల్లల ఆట చిన్న విషయం. కానీ వలస వచ్చిన కుటుంబాల్లో కట్టూబొట్టూ మారినా, బడి భాష మారినా, పసిపిల్ల ఆటలో మాత్రం ఒక పాత మాట చాలాకాలం బతికి ఉంటుంది. ఆ ఆటను పెద్దవాళ్ళు నేర్పరు. ఎనిమిదేళ్ళవాడు ఆరేళ్ళవాడికి నేర్పుతాడు. ఇంగ్లండులో ఓపీ దంపతులు 1969లో వెలువరించిన వీధి ఆటల గ్రంథంలో చెప్పిందీ ఇదే. ఆటలు తల్లి నుంచి బిడ్డకు కాదు, పిల్లల నుంచి పిల్లలకు పాకుతాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పాత కావ్యాల నుంచి ఆటల పేర్లు ఏరి పెట్టారు. వాటిలో కొన్ని ఏ ఆటలో ఇప్పుడు ఎవరికీ అర్థం కావు. కొన్ని మాత్రం ఇవాళ్టికీ సందుల్లో నడుస్తున్నాయి.

పేట, మనుషులు

జోడ్‌భావి అన్న పేరు తెలుగు చెవికి పరాయిగా వినిపించదు. మరాఠీలో జోడ్ అంటే జంట, కన్నడంలో బావి అంటే బావే. జోడూ బావీ రెండూ మనకూ ఉన్న మాటలే. మూడు భాషలవాళ్ళూ తమదే అనుకోగల పేరు అది.

నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్ది తొలి భాగంలోనూ విడతలు విడతలుగా సోలాపూర్ చేరారు. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. ఊరివాళ్ళు దాన్ని జునీ గిర్నీ, అంటే పాత మిల్లు, అంటారు. ఆ తర్వాత మరికొన్ని మిల్లులు లేచాయి. మిల్లు పనికి పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నారు. చేనేత మగ్గం స్థానంలో మరమగ్గం వచ్చింది. సోలాపూర్ చద్దర్, టవల్ దేశమంతా తెలిసిన సరుకులయ్యాయి. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టి వెయ్యి బీడీల లెక్కన కూలి తెచ్చుకున్నారు.

పిల్లల ఆట గురించి రాస్తూ ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. మగ్గం ఇంట్లో ఉంటే ఆటకు చోటు ఉండదు. గుంట మగ్గం గదిలో సగం ఆక్రమిస్తుంది. మరమగ్గమైతే మిగిలిన సగంలో మాట కూడా వినిపించనివ్వదు. అందుకని పిల్లలు గల్లీలోకి, అరుగు మీదికి, గుడి ముందుకి వస్తారు. నేత వాడల ఆటలు ఎక్కువగా ఇరుకు చోట ఆడేవీ, కాసేపట్లో ముగిసేవీ, ఎవరో కేకేస్తే మధ్యలో వదిలిపోగలిగేవీ కావడానికి ఇదే మూలం.

ఆట వస్తువులు కూడా మగ్గం చుట్టూ దొరికినవే. ఖాళీ కండెను దొర్లిస్తే బండి. తెగిన నూలు పేనితే బొంగరానికి జాలీ, రెండు అగ్గిపెట్టెలకు కడితే టెలిఫోను, రెండు చేతుల వేళ్ళకు చుడితే నిచ్చెనలూ పడవలూ.

అరటిపండు

చిన్నపిల్లల కోణం నుంచి చూస్తే ఈ ఆటల్లో అన్నిటికంటే గొప్ప ఏర్పాటు ఒకటుంది. దాన్ని తెలుగులో ‘ఆటలో అరటిపండు’ అంటారు. మూడు నాలుగేళ్ళ తమ్ముడో చెల్లెలో వెంటపడి వచ్చి తననూ చేర్చుకోమని మారాం చేస్తే పెద్ద పిల్లలు తరిమెయ్యరు. పరిగెత్తనిస్తారు, దాక్కోనిస్తారు, బిళ్ళ వెయ్యనిస్తారు. కానీ దొరికినా వాడు అవుటు కాడు, దొంగ కానక్కర లేదు, వాడి వల్ల ఏ జట్టుకూ నష్టం రాదు. వాడికి మాత్రం ఈ సంగతి తెలియదు. తాను ఆడుతున్నాననే అనుకుంటాడు. అలా అనుకుంటూనే ఒక ఏడాది తిరిగేసరికి నిజంగా ఆడటం వచ్చేస్తుంది.

మరాఠీ పిల్లలు ఇదే స్థానాన్ని లింబూటింబూ అంటారు. లింబూ అంటే నిమ్మకాయ. కన్నడంలో ‘ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు’ అనే అర్థంలో ఒక నానుడి ఉంది. ఒక భాషలో అరటిపండు, ఒక భాషలో నిమ్మకాయ, మూడో భాషలో లెక్కలేని మనిషి. మూడిట్లోనూ ఉన్నది పసివాడి మీద ఒకే రకమైన దయ. సోలాపూర్ వంటి ఊళ్ళో ఒకే గల్లీలో ఈ మూడు మాటలూ వినిపించే వీలుంది.

దీనికి ఇంటి అవసరం కూడా తోడైంది. తల్లి తునికాకు ముందేసుకుని బీడీలకు కూర్చుంటే చంటిపిల్ల అక్క చంకనెక్కుతుంది. అక్క ఆటకు పోవాలంటే చంటిది కూడా పోవాలి. దాన్ని మూల కూర్చోబెడితే ఏడుస్తుంది, ఆటలో కలిపితే ఊరుకుంటుంది. పెద్దలు కూర్చుని ఆలోచించి పెట్టిన నియమం కాదిది. పిల్లను ఎత్తుకు మోసిన ఆడపిల్లలు కనిపెట్టిన ఉపాయం. నా లెక్కలో ఏ పిల్లల ఆట గుణమైనా తేల్చవలసింది అందులో అందరికంటే చిన్నవాడు ఎక్కడ ఉన్నాడన్న దాన్ని బట్టే.

దొంగా, రాజ్యమూ

ఆట మొదలయ్యే ముందు ఎవరు పట్టాలో తేల్చుకోవాలి. తెలుగు పిల్లలు దానికి పంటలు వేసుకుంటారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, అరచేయి బోర్లాగానో వెల్లకిలాగానో పెడతారు. ముగ్గురిలో వేరుగా పెట్టినవాడు పండినట్టు, వాడు తప్పుకుంటాడు. చివరకు మిగిలినవాడే దొంగ. పట్టేవాణ్ణి దొంగ అనడం విచిత్రమే. పట్టేది దొంగ, పారిపోయేది దొరలు.

మరాఠీలో ఇదే పిల్లవాడి మీదికి ‘రాజ్యం’ వస్తుంది. పట్టవలసిన వంతు ఎవరిదైతే వాళ్ళమీద రాజ్యం వచ్చిందంటారు, వంతు తీరితే రాజ్యం దిగిపోతుంది. ఇంట్లో దొంగైనవాడు బడి మైదానంలో రాజన్నమాట. రెండు భాషల్లోనూ పిల్లవాడు కోరుకునేది మాత్రం ఒకటే, ఆ పదవి తొందరగా వేరేవాడికి అంటించడం.

మోసం చేస్తే తెలుగులో తొండి. ఓడిపోయి ఏడుపు మొహంతో గొడవపడేవాడి ఆటను మరాఠీలో రడీచా డావ్ అంటారు. రడీ ఏడుపుకు సంబంధించిన మాట. కాసేపు ఆపాలంటే తెలుగు పిల్లలకు తూచ్ ఉంది, మరాఠీ పిల్లలకు ఇంగ్లీషు టైమ్ ప్లీజ్ ఉంది. ఆటల తగాదాలకు పెద్దల దగ్గరికి పోవడం పరువు తక్కువ. ఈ నాలుగైదు మాటలతోనే వాళ్ళ న్యాయస్థానం నడుస్తుంది.

పరుగు ఆటలు

దాగుడుమూతలు అందరికీ తెలిసిందే. కళ్ళకు గంతలు కట్టి పట్టే ఆటను మరాఠీలో ఆంధళీ కోశింబీర్ అంటారు. కోశింబీర్ అంటే పెరుగు పచ్చడి లాంటి వంటకం, ఆ పేరు పిల్లల ఆటకెలా వచ్చిందో ఊహించుకోవడం సరదాగా ఉంటుంది. ఐదేళ్ళ పిల్లలకు చక్కగా సరిపోయే ఆట ఇది. పరుగు తక్కువ, నవ్వు ఎక్కువ, ఇంట్లో కూడా ఆడొచ్చు. కాకపోతే మెట్లూ పొయ్యీ మగ్గం గుంటా లేని చోటు చూసుకోవాలి.

నేలా బండా ఆటకు అరుగులున్న గల్లీ కంటే మంచి చోటు లేదు. దొంగ నేల అంటే మిగిలినవాళ్ళు బండెక్కాలి, బండ అంటే నేల మీదికి దిగాలి. మరాఠీలో కొండా నీళ్ళూ పేరుతో ఇదే ఆట, డోంగర్ పాణీ. తొక్కుడుబిళ్ళకు బొగ్గో సుద్దో ఉంటే చాలు, నాలుగడుగుల వెడల్పు చాలు. ఒంటికాలి మీద గెంతడం నాలుగేళ్ళకు గాని రాదు కాబట్టి అంతకంటే చిన్నవాళ్ళకు రెండు కాళ్ళతో గెంతే వెసులుబాటు ఇస్తారు. ఏడు పెంకులాట మరాఠీలో లగోరీ. కుంటుతూ పట్టే ఆట లంగడీ. దాని పెద్దన్న ఖోఖో. ఖోఖోకు కట్టుదిట్టమైన నియమాలు 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పుణెలోని దక్కన్ జింఖానాలో తయారయ్యాయి. కూర్చునే వరుస ఉన్న ఆట కావడంతో బడుల్లో చిన్నపిల్లల చేత ఆడించడం కూడా తేలిక.

కర్రాబిళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి. తెలంగాణలో దీన్ని చిర్రగోనె అంటారు, కోస్తాలో బిళ్ళంగోడు వంటి పేర్లున్నాయి, మరాఠీలో విటీదాండూ. మహారాష్ట్ర పిల్లలు ఈ ఆటలో కొట్టే దెబ్బలకు ఒక వరస లెక్క ఉంది. అది వకట్, లెండ్, మూండ్, నాల్ అని మొదలవుతుంది. ఒక్కో అంకెకు బిళ్ళను పాదం మీద, పిడికిలి మీద, ఇలా వేర్వేరు చోట్ల నిలిపి కొట్టాలి. మరాఠీలో ఒకటీ రెండూ అంటే ఏక్, దోన్. మరి ఈ వకట్ ఎక్కడిది? కన్నడంలో ఒకటిని ఒందు అంటారు, రెండును ఎరడు అంటారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నవి పక్కన పెట్టి చూస్తే సందేహమే ఉండదు. మూండ్‌లోని సున్న మన పాత మూఁడులోని అరసున్నను కూడా గుర్తుకు తెస్తుంది. తెలుగు రాని మరాఠీ పిల్లలు తెలుగు అంకెలతో బిళ్ళ కొడుతున్నారన్నమాట. ఈ లెక్క ఒక్క సోలాపూర్‌ది కాదు, మరాఠీ సీమ అంతటా ఉన్నదే. నేత వాడ నుంచి బడికి పోయిన తెలుగు పిల్లవాడికి ఆ మైదానంలో చుట్టాలు ముందే ఉన్నారు. పెద్దల చరిత్ర పుస్తకాల్లో రాజుల రాకపోకలు కనిపిస్తాయి, ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి ఆడుకున్న రుజువు మాత్రం ఇలాంటి చోటే దొరుకుతుంది.

బిళ్ళ కంటికి తగిలితే ప్రమాదం. అరటిపండును ఈ ఆటలో ఎప్పుడూ కొట్టేవాడి వెనకే నిలబెట్టాలి.

కూర్చుని ఆడేవి

గచ్చకాయలాటకు కావలసినవి ఐదు కాయలు. గచ్చపొద కాయలోని బూడిదరంగు గింజ రాయిలా గట్టిగా, నున్నగా ఉంటుంది. బండకేసి రాస్తే చురుక్కుమనేంత వేడెక్కుతుంది, ఆ వేడిని పక్కవాడి చేతికి అంటించడం ఒక అల్లరి. మరాఠీలో ఈ గింజ సాగర్‌గోటా, కన్నడంలో గజ్జుగ. గచ్చకాయలు దొరకకపోతే గులకరాళ్ళు, అప్పుడది అచ్చనగండ్లు. ఒకటి పైకెగరేసి, అది కిందపడే లోపల నేల మీది ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు, ఆఖరికి నాలుగూ ఏరి, పడే కాయను అదే చేత్తో పట్టాలి. ఎగరేసేవి గొర్రె కీలెముకలైతే ఇదే ఆట ప్రాచీన గ్రీసులో ఉంది. నెదర్లాండ్స్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1560లో పిల్లల ఆటలన్నీ ఒకే పటంలో గీశాడు. అందులో ఎడమ మూల కింద ఇద్దరు ఆడపిల్లలు ఈ ఆటలోనే మునిగి ఉంటారు. ఆరేళ్ళ లోపువాళ్ళకు ఎగరేసి పట్టడం కష్టం. వాళ్ళు కాయను కొంచెమే ఎగరేసి రెండు చేతులతో పట్టుకుంటే చాలు.

అష్టాచెమ్మాకు ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్ళు సుద్దతో గీస్తే సరి. నాలుగు గవ్వలు, లేదా అరగదీసిన చింతగింజలు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, చెమ్మ. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అష్ట. కన్నడిగులకు ఇది చౌకాబారా. పేరు ఎటు తిప్పినా అంకెలు మిగిలే ఉన్నాయి. వామనగుంటలు రెండు వరుసల్లో ఏడేసి గుంటలు. ఏడెనిమిదేళ్ళ పిల్ల గింజలు పంచుతూ పంచుతూ తెలియకుండానే కూడికా భాగహారమూ చేసేస్తుంది. పంతులు నేర్పితే వారం పట్టే పాఠం అది. వైకుంఠపాళిని మరాఠీలో మోక్షపట్ అంటారు. 13వ శతాబ్ది సంత్ జ్ఞానేశ్వరుడు దాన్ని రూపొందించాడని అక్కడి సంప్రదాయం చెప్పుకుంటుంది.

ఇంకా చిన్నవాళ్ళవి, అంటే రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళవి, ఆటలనడం కంటే ముద్దులాటలనాలి. అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లల కాళ్ళు వరసగా తడుతూ లెక్కపెట్టే కాళ్ళాగజ్జె, ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఒప్పులకుప్ప, చప్పట్ల చెమ్మచెక్క ఈ కోవలోవి. ఒప్పులకుప్పకు మరాఠీ చెల్లెలు ఫుగడీ. గుజ్జనగూళ్ళను మాత్రం ఏ భాషలోనూ నేర్పనక్కర లేదు. చిప్పల్లో మట్టి బువ్వ వండి, ఆకుల్లో వడ్డించి, తినమని బతిమాలడం పిల్లలకు పుట్టుకతో వస్తుంది. అమ్మను చూసి తునికాకు బదులు రావి ఆకు చుట్టే ఆట కూడా గుజ్జనగూళ్ళలో భాగమే.

ఒక జాగ్రత్త. మూడేళ్ళ లోపు పిల్లలున్న చోట చింతగింజలు, గవ్వలు, గోళీలు, పగిలిన బుడగ ముక్కలు నేల మీద వదలకూడదు. గొంతుకు అడ్డం పడటానికి ఒక్క నిమిషం చాలు.

తీరిక

ఆటకు చోటు తర్వాత కావలసింది తీరిక. మిల్లుల తొలి రోజుల్లో అది కూడా పిల్లలకు లేదు. దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. అది ఏడేళ్ళ లోపు పిల్లల్ని మాత్రమే పనిలోంచి తప్పించింది, ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళతో రోజుకు తొమ్మిది గంటల పని చేయించుకోవచ్చంది. 1891 సవరణలో తక్కువ వయసు తొమ్మిదేళ్ళకు, పని ఏడు గంటలకు వచ్చింది. ఇంటి మగ్గానికి ఈ చట్టం వర్తించలేదు. కండెలు చుట్టడం, పోగులు అతకడం పిల్లల పనిగానే నడిచాయి. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, బడి వేళలు అయ్యాక ప్రమాదం లేని ఇంటి వృత్తిలో సాయం చేయడం వంటివి తప్ప. ఆ ‘తప్ప’ దగ్గరే నేతింటి పిల్లల సాయంత్రాలు చిక్కుకుపోతాయి. ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి 1989 ఒడంబడికలోని 31వ అధికరణం చెబుతోంది, భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది. కండె చుట్టే పిల్లకు ఆ హక్కు సాయంత్రం ఐదింటికి కావాలి, రాత్రి తొమ్మిదింటికి కాదు.

చిన్నపిల్లల ఆటపాటలను బడిగా మలిచిన ఆలోచనలో మహారాష్ట్ర పాలు పెద్దది. తారాబాయి మోడక్ 1926లో నూతన్ బాల శిక్షణ సంఘాన్ని స్థాపించారు, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాల్లో పేద పిల్లల వాకిట్లోకే బడిని తీసుకుపోయారు. ఖరీదైన పరికరాల బదులు గింజలు, గవ్వలు, ఆకులు, మట్టి వాడారు. అంగణ్ అంటే వాకిలి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో అంగన్‌వాడి అన్న మాట దేశమంతటికీ వచ్చింది. తెలుగునాట ఇదే దారిలో ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల చేతనే ఆడించి పాడించారు.

పండుగలే పార్టీలు

కేకు రాకముందు పిల్లల పార్టీ అంటే పండుగే. పసిబిడ్డ ఎదుగుదలలో ప్రతి మలుపుకూ తెలుగు ఇళ్ళల్లో ఒక పిండివంట ఉంది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులు వస్తే చక్కెర చిలకలు. వాడకట్టులోని పిల్లలందరినీ పిలిచి పంచుతారు. అన్నప్రాశన రోజున బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి వంటివి పెట్టి దేన్ని పట్టుకుంటుందో చూడటం కూడా ఒక ఆటే. నేతింట్లో ఆ వరసలో నూలు కండె కూడా పెడితే బాగుంటుంది.

సంక్రాంతి నాటి వేడుక పసిపిల్లలదే. ఐదేళ్ళ లోపు పిల్లను పీట మీద కూర్చోబెట్టి తల మీద రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర పోసే భోగిపళ్ళు ముఖ్యంగా కోస్తా ఆంధ్ర వేడుక. మరాఠీ ఇళ్ళలో దీని జోడీ బోర్‌న్హాణ్, రేగుపళ్ళ స్నానం. సంక్రాంతి మొదలు రథసప్తమి దాకా ఎప్పుడైనా చేస్తారు. పిల్లకు నల్లబట్టలు వేస్తారు, చక్కెర పూసలతో గుచ్చిన నగలు పెడతారు, మరమరాలతో కలిపి పళ్ళు పోస్తారు. పిలిచిన పిల్లలంతా నేల మీద పడి ఏరుకుంటారు. సోలాపూర్ తెలుగు తల్లి రెండు వైపుల నుంచీ ఈ వేడుకను అందుకోగలదు. చంటిపిల్ల తల మీద గింజ ఉన్న పళ్ళూ నాణేలూ గుప్పిళ్ళతో విసరకుండా మెల్లగా జారవిడవాలి. ఏరుకునే గుంపులో చిన్నవాళ్ళకు ముందు అవకాశమివ్వాలి. అదే రోజుల్లో ఊళ్ళో సిద్ధేశ్వర జాతర. గడ్డా యాత్ర అంటారు. 12వ శతాబ్ది శివశరణుడు సిద్ధరామేశ్వరుడి పేరు మీద ఎత్తయిన నందిధ్వజాలు ఊరేగుతాయి. పిల్లలకు మాత్రం జాతరంటే రంగులరాట్నమూ బొమ్మల దుకాణాలూ.

హోలీకి ముందు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే జాజిరి తెలంగాణ పిల్లలది. నాగపంచమికి ఉయ్యాలలు, ఫుగడీలు. శ్రావణ పున్నమి పద్మశాలీలకు జంధ్యాల పండుగ, కులగురువు మార్కండేయుడి రథం ఊరేగే రోజు. ఆ రోజు చిన్నపిల్లలకు రథం ముందు నడవడమే ఆట. వినాయక చవితికి మండళ్ళు పోటీలు పెడతాయి. నిమ్మకాయ చెంచా పరుగు, గోనెసంచి పరుగు, కుర్చీలాట. కొంచెం పెద్ద పిల్లలు లేజిమ్ అనే చిరుతాళాల కర్ర పట్టుకుని వరసల్లో ఆడతారు.

ఆడపిల్లల విషయంలో రెండు పండుగలు అక్కచెల్లెళ్ళలా కలుస్తాయి. తెలంగాణలో బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పక్షంలో, పెళ్ళికాని పిల్లలు బొడ్డెమ్మను ఆడతారు. పీట మీద పుట్టమట్టితో అంతస్తులుగా పేర్చి పూలు పెడితే పీట బొడ్డెమ్మ, నేలలో గుంట తీస్తే గుంట బొడ్డెమ్మ, బావిలా తవ్వితే బాయి బొడ్డెమ్మ. చుట్టూ తిరిగి పాడి చప్పట్లు కొడతారు. ఇది ముగిసి బతుకమ్మ, దసరా రోజులు వచ్చేసరికి మరాఠీ వాడల్లో భోండ్లా మొదలవుతుంది. పీట మీద ఏనుగు బొమ్మ, హస్త నక్షత్రపు వానకు గుర్తు. దాని చుట్టూ ఆడపిల్లలు చేతులు కలిపి తిరుగుతూ పాడతారు. ఆఖరున ఇంటావిడ మూత పెట్టిన డబ్బా ఊపుతుంది, లోపల ఏముందో చప్పుడును బట్టి పిల్లలు చెప్పాలి. తీపా, కారమా, గలగలమంటోందా, బొద్దుగా దొర్లుతోందా? ఎవరూ చెప్పలేకపోతే ఇంటావిడ గెలిచినట్టు. ఆ ఫలహారం పేరు ఖిరాపత్. ఎక్కడి పిల్లల పార్టీకైనా ఇంతకంటే మంచి ఆట నాకు కనబడలేదు. గెలిచినా ఓడినా అందరూ తింటారు.

పుట్టినరోజు

ఇప్పుడు ఆదివారం సాయంత్రం బుడగలూ రంగుకాగితాలూ కట్టి పదిమంది పిల్లల్ని పిలిచే ఇళ్ళు పేటల్లోనూ ఉన్నాయి. 2006లో ఊరి పక్కన కుంభారీ దగ్గర బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్ళ కాలనీ లేచింది, 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో మరో పదిహేను వేల ఇళ్ళు చేతికొచ్చాయి. పాత గల్లీ నుంచి కొత్త కాలనీకి మారిన పిల్లలకు ఇల్లు దొరికింది, ఆటల తోడు మాత్రం మళ్ళీ వెతుక్కోవాలి. పుట్టినరోజుకు పిలవడం ఆ తోడు దొరికే దారుల్లో ఒకటి.

పార్టీ ఆటల్లో పాత బంధువులు చాలామందే ఉన్నారు. గంతలు కట్టుకుని గాడిదకు తోక అతికించడం ఆంధళీ కోశింబీర్‌కు దగ్గరి చుట్టం. వేలాడే కాగితపు బుట్టను కొట్టి మిఠాయిలు రాల్చడం ఉట్టికీ బోర్‌న్హాణ్‌కూ మధ్యన నిలుస్తుంది. పొట్లం చేతులు మారుతూ పోయి పాట ఆగినప్పుడు ఒక పొర విప్పే ఆటలో ప్రతి పొరలోనూ ఒక చాక్లెట్ పెడితే నాలుగేళ్ళవాళ్ళకు కూడా ఏడుపు రాదు. ఆ వయసు గుంపుకు ఒక్కో ఆట పది నిమిషాలు దాటకూడదు. ఒక పరుగు ఆట తర్వాత ఒక కూర్చునే ఆట రావాలి. తిండికి ముందు గెంతులూ తిన్న తర్వాత కథా.

కుర్చీలాట ఒక్కటే ఈ వయసుకు సరిపడదు. పాట ఆగగానే పెద్దవాళ్ళు కూర్చుంటారు, అందరికంటే చిన్నది మొదటి విడతలోనే బయటికి పోయి గోడకు ఆనుకుని మిగతా ఆట చూస్తుంది. ఎవరికోసం పార్టీ పెట్టారో ఆ పిల్లే బయట ఉంటుంది. దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. పాట ఆగిన ప్రతిసారీ కుర్చీని తీయండి, పిల్లను తీయకండి. ఎనిమిది కుర్చీల్లో తొమ్మిదిమంది, తర్వాత ఏడింట్లో తొమ్మిదిమంది, తర్వాత ఆరింట్లో. ఒకరి ఒళ్ళో ఒకరు, మోకాళ్ళ మీద ఒకరు, చేతులు పట్టుకుని అంచున వేలాడుతూ ఒకరు. ఆఖరికి ఒకే కుర్చీ మిగులుతుంది. తొమ్మిదిమందీ దాని మీదే కుప్పపడి నవ్వుతుంటారు, అందరికంటే చిన్నది అన్నిటికంటే పైన.